మొద్దుబారిన కాళ్ళకు వైద్యం

మా ఆయన పోయిన నాలుగో నెలలో ప్రెస్సు నుంచి ఆయన పుస్తకం ప్రూఫులు వచ్చాయి. అప్పటిదాకా నేను ఏడవలేదు. దుఃఖాన్ని దిగమింగుకున్నానని బంధువులు మెచ్చుకున్నారు గానీ, దిగమింగడానికి నాలో ఏమీ లేదు. పొద్దున లేచి వాకిలి ఊడ్చేదాన్ని, అన్నం వండేదాన్ని. తిన్నానో లేదో సాయంత్రానికి గుర్తుండేది కాదు.

ఆయన బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్సు కంపెనీలో స్టోర్ కీపరు. రాసిందేమో ఉత్తరాన మంచుదేశాల అడవుల్లో నూరేళ్ళ కిందట చెట్లు కొట్టిన కూలీల చరిత్ర. సెకండ్ హ్యాండు పుస్తకాల అంగట్లో వాళ్ళ మీద పాత ఇంగ్లీషు పుస్తకమొకటి దొరికింది మొదలు, పదకొండేళ్ళు అదే పిచ్చి. వాళ్ళు చలికాలమంతా దుంగల గుడిసెల్లో వరసగా పడుకునేవాళ్ళట. తడిసిన మేజోళ్ళు పొయ్యి పైన దండేనికి ఆరేసేవాళ్ళట. భోజనం దగ్గర ఎవరైనా మాట్లాడితే వంటవాడు ఊరుకునేవాడు కాదట. ఆ చివరి పద్ధతి మనింట్లోనూ పెడదామన్నాడు ఒకసారి. ముందు మీరే మొదలుపెట్టండి అన్నాను.

మంచు అంటే ఆయనకు తెలిసింది మా వీధి చివర ఐస్‌క్రీం అంగట్లో ఫ్రీజరు. అందులో చెయ్యి పెట్టి, స్పర్శ ఎంతసేపటికి పోతుందో గడియారం చూసి రాసుకున్నాడు. ఆ తర్వాత మేం కనబడితే చాలు, అంగడాయన ఫ్రీజరు మూత మీద చెయ్యి వేసేవాడు.

మా గొడవ కూడా ఆ చలి దగ్గరే వచ్చింది. కాళ్ళు మొద్దుబారితే ఆ కూలీలు మంచుతో గట్టిగా రుద్దేవాళ్ళట. ఆయన దాన్ని చక్కని వైద్యంలా రాశాడు. నేను ముప్పై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని. అట్లా రుద్దితే చర్మం ఊడొస్తుంది, గోరువెచ్చని నీళ్ళలో పెట్టాలి అన్నాను.

"వాళ్ళు చేసింది నేను రాస్తా ఉండాను. దీంట్లోకి నీ ఆస్పత్రి తేవద్దు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఫ్రీజర్లో చెయ్యి పెట్టిన మనిషికి మంచు గురించి ఏం తెలుసని అరిచాను. పదకొండేళ్ళు కాగితాలు పాడు చేశారని కూడా అన్నాను. ఆయన కాగితాలు సర్దుకుని లోపలికి పోయాడు. మూడు రోజులు పలకలేదు. తర్వాత పలికినా ఉప్పు, మందులు, కరెంటు బిల్లు, అంతే. రెండు వారాలకు పొద్దున స్నానానికి పోతూ పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. రాతప్రతి ఆ ముందురోజే ప్రెస్సులో ఇచ్చి వచ్చాడట. నాకు చెప్పలేదు.

ప్రూఫు దిద్దే పని నా మీద పడింది. మహదేవపురలో ఉండే మా అమ్మాయి ఆ పేజీ మార్చేయమంది, చదివి ఎవరైనా అట్లే చేస్తే ఎట్లా అని. మారిస్తే, ఇక జవాబివ్వలేని మనిషి మీద నేను గెలిచినట్టు. మార్చకపోతే ఆయన పేరు మీద తప్పు అచ్చవుతుంది. ఎటూ తేల్చుకోలేక, ఆ పేజీ దాకా రాకుండా వారం రోజులు లాగాను.

చివరికి ఆ పేజీ వచ్చింది. మంచుతో రుద్దేవాళ్ళని ఉంది. దాని కిందే ఇట్లా ఉంది: "ఇది తప్పు. నా భార్య నర్సు. ఓపిగ్గా కూర్చుని నాకు వివరించింది. గోరువెచ్చని నీళ్ళలో పెట్టాలి. స్పర్శ తిరిగి వచ్చేటప్పుడు విపరీతంగా నొప్పి పుడుతుంది. దానికి భయపడకూడదు."

నేను చదివినంతలో ఆయన రాసిన అబద్ధం ఆ ఒక్కటే. నేను ఓపిగ్గా చెప్పలేదు. కూర్చోలేదు కూడా, నిలబడి అరిచాను. ఆ మాట కొట్టేద్దామని పెన్ను తీసి, అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.

ఇంతలో ప్రెస్సాయన ఫోన్ చేశాడు. తప్పులేమన్నా ఉన్నాయా అమ్మా అని అడిగాడు.

"ఒకటి ఉండాదప్పా" అన్నాను.

ఏ పేజీ అన్నాడు. చెప్పబోయాను. అవతల మనిషి వింటున్నాడని తెలిసీ గట్టిగా ఏడ్చాను. పాపం, ఆయన ఫోన్ పెట్టేయకుండా అట్లాగే ఉన్నాడు.

చాలాసేపటికి, "దాన్ని అట్లే ఉండనీ" అన్నాను.