ఎడమ పక్క ఖాళీ

కోచ్ అంకుల్ పోయారు. పోయిన గురువారం పొద్దున మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లోని తమ ఇంట్లో టీ అడిగి, అది వచ్చేలోపే కుర్చీలో ఒరిగిపోయారట. ఆయన కూతురు ఫోన్ చేసి, "అంకుల్, అబ్బూ ఈజ్ గాన్. రేపు బరియల్. మీ టీమ్‌కి కూడా చెప్పేయండి ప్లీజ్," అంది. ఆ అమ్మాయి ఇంకా టీమ్ అనే అంది. మేమంతా జుట్టు నెరిసి, మోకాళ్లు అరిగి, తలో శివారులో పడ్డాం. ఆ ఇంట్లో మాత్రం మేమింకా టీమే.

ఆయన నిజానికి కోచ్ ఏమీ కాదు. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు కాలేజీ జట్టుకి ఆడి, తర్వాత కంప్యూటర్లలో పడ్డ మనిషి. రెండు వేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీ తెలియక ఆగిపోతాయని లోకమంతా వైటూకే అంటూ హడలిపోయిన రోజులవి. పాత ప్రోగ్రాములు తెలిసిన వాళ్లను వెతికి వెతికి పిలిపిస్తున్నారు. అలా మెల్‌బోర్న్ వచ్చారు. మేము అక్కడి యూనిలో మాస్టర్స్ చేస్తున్న తెలుగు కుర్రాళ్లం. క్రికెట్ జట్టులోకి మమ్మల్ని ఎవరూ రానివ్వకపోతే పౌరుషానికి ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నాం. ఒక సాయంత్రం ఆయన మైదానం పక్క నుంచి పోతూ మమ్మల్ని చూసి ఆగలేక, ఆఫీసు బూట్లతోనే లోపలికి వచ్చేశారు.

"ఏం ఆడుతున్నరు బేటా? కోళ్లను తరుముతున్నరా?" అన్నారు. అదే పరిచయం.

ఆ రోజు నుంచి ప్రతి ప్రాక్టీసుకీ వచ్చేవారు. నడుముకున్న పేజర్ తీసి విప్పిన ఆఫీసు బూటులో పడేసేవారు. ఫ్లాస్కులో ఏలకుల టీ తెచ్చేవారు గానీ, మైదానం చుట్టూ పరిగెత్తకుండా ఎవరికీ చుక్క పోసేవారు కాదు. ఎంత తిట్టినా చివరికి "బువ్వ తిన్నవా?" అని అడిగేవారు. ఆట గురించి ఆయన చెప్పింది ఒక్కటే మాట. "బంతిని అందరు చూస్తరు. నువ్వు జాగా చూడు. బంతి ఆడికే వస్తది." నాకది ఎప్పుడూ అర్థం కాలేదు, అందుకే నన్నెప్పుడూ బెంచీ మీదే కూర్చోబెట్టేవారు.

మేము బట్టలు మార్చుకునే గదిలో గోడకు ఒక పాత ఫొటో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధానికి కొన్నేళ్ల ముందు మా యూనికి ఆడిన జట్టు. మీసాల కుర్రాళ్లు చేతులు కట్టుకుని, నవ్వకుండా నిలబడి ఉంటారు. గ్రౌండ్ చూసుకునే పెద్దాయన వాళ్ల కథ చెప్పాడు. ఆ ఏడాది సీజన్ మధ్యలో వాళ్లలో ఒకడు నదిలో మునిగి చనిపోయాడట. వాడి చోటులో ఇంకెవరినీ దింపలేదట. ఒక మనిషి తక్కువతోనే చివరి దాకా ఆడి, అన్నీ ఓడిపోయారట. మేము విని మర్చిపోయాం. అంకుల్ మర్చిపోలేదు.

మా జట్టులో నిజంగా ఆట వచ్చినవాడు శ్రీధర్. తెనాలి వాడు. మైదానం ఎడమ అంచున, ఎడమ వింగ్‌లో ఆడేవాడు. అంకుల్‌కి వాడంటే ప్రాణం. చదువు ఖర్చులకు తడుముకుంటున్నాడని తెలిసి తన ఆఫీసులోనే వైటూకే టెస్టింగ్‌లో రాత్రి షిఫ్టు ఇప్పించారు. వాడు పగలు క్లాసులు, సాయంత్రం ఆట, రాత్రి పని పెట్టుకున్నాడు. "నిద్రెప్పుడు పోతావురా?" అని అడిగితే, "రెండు వేలొచ్చాక పోతాలే," అనేవాడు. జూన్ నెలలో ఒక తెల్లవారుజామున పని నుంచి వస్తూ స్టీరింగ్ మీదే కునుకు తీశాడు. ఫ్రీవే పక్కన చెట్టు.

శవాన్ని ఊరికి పంపిన వారం మ్యాచ్ ఉంది. నన్ను ఎడమ వింగ్‌లో దింపుతారనుకుని బూట్లు కట్టుకున్నాను. అంకుల్ నా వైపు చూడకుండా, "కూసో. ఆ జాగాలో ఎవరు నిలబడరు," అన్నారు. పది మందే దిగారు. ఆ తర్వాత వారం కూడా పది మందే.

ప్రత్యర్థులకు సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టేది కాదు. మా ఎడమ పక్క నుంచే వచ్చి గోల్ మీద గోల్ కొట్టి పోయేవారు. మావాళ్లు మొదట కళ్లనీళ్లతో ఆడారు, తర్వాత కోపంతో ఆడారు, చివరికి ఏమీ లేకుండా ఆడారు. "ఎన్నాళ్లు అంకుల్ ఇలా?" అని మా గోల్‌కీపర్ అడిగేశాడు. "ఫొటోలోని పిలగాండ్లు ఆడలేదా?" అన్నారు. ఆ ముఖం చూసి ఇంకెవరూ అడగలేదు. అది శ్రీధర్‌కి గౌరవం అని మేమనుకున్నాం. ఆయన తనకు తాను వేసుకున్న శిక్ష అని, దాన్ని మా అందరి చేతా అనుభవింపజేస్తున్నారని అప్పుడు తెలియలేదు.

చివరి మ్యాచ్‌కి శ్రీధర్ వాళ్ల నాన్నగారు వచ్చారు. కొడుకు తీసుకోలేని పట్టాను యూనివాళ్లు ఆయన చేతికిస్తామని పిలిపించారు. మంకీ టోపీ, స్వెట్టరు వేసుకుని వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. అంకుల్ ఆయనకు ఎదురుపడలేక దూరంగా గోల్‌పోస్టు దగ్గర నిలబడిపోయారు.

కాసేపు ఆట చూసి, "మావాడు ఎక్కడ నిలబడేవాడు బాబూ?" అని అడిగారు.

చూపించాను.

"అక్కడెవరూ లేరేం?"

ఫొటో కథంతా చెప్పాను. కొంత గర్వంగానే చెప్పాను. సగం ఆట అయ్యి విరామం ఇవ్వగానే ఆయన లేచి, నెమ్మదిగా అంకుల్ దగ్గరికి నడిచారు. పడిపోతారేమోనని నేనూ వెంట వెళ్లాను.

అంకుల్ చేతులు జోడించారు. "మాఫ్ చెయ్యండి సాబ్. ఆ నైటు పని నేనే ఇప్పించిన," అన్నారు. మూడు నెలలుగా ఎవరితోనూ అనని మాట అది.

"తెలుసండి. ఫోన్లో చెప్పాడు. మీ గురించే చెప్పేవాడు ఎప్పుడూ." ఆయన మైదానం ఎడమ పక్కకు చూశారు. "ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ చోటు అట్టా ఖాళీగా ఉంచారు చూడండి, ఆటయ్యేంతసేపూ నాకు మావాడు పోవడమే కనపడతంది. చూడలేకపోతన్నా. ఎవరో ఒకరిని నిలబెట్టండి."

అంకుల్ ఏడ్చారు. అంత మనిషి శ్రీధర్ నాన్నగారి భుజం మీద తల పెట్టి, పిల్లాడిలా ఏడ్చారు. తర్వాత ముఖం తుడుచుకుని నా వైపు తిరిగి, "జా బేటా. పోయి నిలబడు," అన్నారు.

ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాం. నేను చేసిందేమీ లేదు. ఒక్కసారి బంతి నా కాలికి తగిలి గీత దాటి పోయింది. మైదానం మొత్తం మీద శ్రీధర్ వాళ్ల నాన్నగారొక్కరే చప్పట్లు కొట్టారు.

జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ ఆగలేదు. అంకుల్ ఉద్యోగం మాత్రం ఆగింది. తర్వాత చిన్నాచితకా పనులు చేసుకుంటూ ఇక్కడే ఉండిపోయారు. మళ్లీ ఎవరికీ ఉద్యోగం ఇప్పించలేదు. ఐటీ పడిపోయినప్పుడు ఎంతమంది వచ్చి సిఫారసు అడిగినా కడుపునిండా అన్నం పెట్టేవారు గానీ ఒక్క ఫోన్ చేసేవారు కాదు. రాయి గుండె అని తిట్టుకుంటూ వెళ్లిన వాళ్లున్నారు. వాళ్లలో ఎవరికైనా రాత్రి షిఫ్టు దొరికిందని తెలిస్తే మాత్రం, పని దిగే వేళకు ఆ గేటు ముందు అంకుల్ పాత కారు ఉండేది. "నీ బండి ఆడనే ఉండనీ. ఎక్కు," అనేవారు. నన్నూ అలా ఎన్నోసార్లు ఇంటి దగ్గర దింపారు. దారంతా రోడ్డే చూస్తూ నడిపేవారు.

శుక్రవారం శ్మశానంలో గాలి కోసేస్తోంది. మాలో వచ్చింది కొందరమే. పెట్టెను ముందు పెట్టి, ప్రార్థన కోసం వెనక వరుసలు కట్టారు. మాకు ఆ ప్రార్థన రాదు కదా, మర్యాదగా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాం, ఫొటోలో కుర్రాళ్లలాగే. ఇమాం వెనక్కి తిరిగి వరుసలు సరిచేసుకోమన్నారు. దగ్గరగా జరగండి, మధ్యలో ఖాళీలు ఉంచకండి అని ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పారు.

చివరి వరుసలో ఎడమ చివరన ఒక ముసలాయన. నేనెవరో ఆయనకు తెలియదు. పక్కన ఖాళీ చోటు చూసి, నన్ను చూసి, మోచెయ్యి పట్టుకుని లాగి తన పక్కన నిలబెట్టుకున్నారు. నాకు రాదని చెప్పబోయాను. ఆయన అప్పటికే ముందుకు తిరిగిపోయారు. కోటులోంచి ఆయన భుజం వెచ్చదనం నా భుజానికి తగులుతోంది. కదలకుండా అక్కడే నిలబడ్డాను.