పసరు పథ్యంలో ఆగిపోయిన మాత్ర

“మొహానికి పూసుకునే ఆ డబ్బాలో ఏముందో నీకు తెలుసా? దాని మీద ఊరు లేదు, పేరు లేదు. కడుపు పండాల్సిన పిల్లవి, అలాంటివి రాసుకోవచ్చా?”

“మరి రేపు మీరు పోయించే పసరులో ఏముందో మీకు తెలుసా అత్తయ్య గారూ? దానికి డబ్బా కూడా లేదు. దొప్పలో పోస్తారు.”

“అది ఆకు. దేవుడిచ్చింది.”

“ఇదీ హెర్బలేనండి. మూత మీద ఆకు బొమ్మ ఉంది చూడండి.”

“బొమ్మ ఉంటే ఆకైపోద్దా? మన బీరువా మీద లక్ష్మీదేవి బొమ్మ ఉంది. లోపల డబ్బుందా?”

సరిగ్గా ఈ మాట దగ్గర నేను వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళాను. నన్ను చూసి అత్తగారు సత్యవతి గారు, “రండి ఆశమ్మ గారూ, మీరే చెప్పండి న్యాయం” అన్నారు. కోడలు భవాని కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. తగువు మధ్యలో కూర్చుంటే ఎవరో ఒకరి పక్షాన కూర్చున్నట్టవుతుంది.

మండపేటకు దగ్గరలో ఉన్న మా ఊరికి ఆశ కార్యకర్తగా చేసి రిటైరయ్యాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. నన్ను తీసుకున్నప్పుడు ఆ చదువు చాలన్నారు, పని మాత్రం చాలా ఉందన్నారు. ఇప్పుడు చెబుతున్నది కరోనా టీకాల హడావిడి తగ్గిన ఏడాది, రెండో పంట దాళ్వా కోతలు అయిపోయి ఊళ్ళో ధాన్యం లారీలు తిరుగుతున్న రోజుల్లో జరిగింది. పిల్లల్ని కనే వయసు జంటలను మా లెక్కల్లో అర్హులైన దంపతులు అంటారు. వాళ్ళలో పిల్లల కోసం చూస్తున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, గర్భం రాకముందు నుంచే వేసుకోవాల్సిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇవ్వడం, నెల తప్పితే గర్భం తెలిపే కిట్టు ఇచ్చి చూసుకోమనడం, తేడా ఉంటే పైవాళ్ళకు చెప్పడం నా పని. నా పైన ఏఎన్‌ఎం నర్సమ్మ, ఆవిడ పైన పీహెచ్‌సీ డాక్టరు గారు. మందు రాసే అధికారం ఆశకు లేదు. రాసిన మందును ఆపమనే అధికారమూ లేదు. ఇది గుర్తుంచుకున్నవాళ్ళే ఈ పనిలో మాట పడకుండా బయటపడతారు.

భవానికి పెళ్ళై మూడేళ్ళు దాటింది. భర్త దుర్గారావు మండపేట రైస్ మిల్లులో మెకానిక్. అప్పటికి ఏడాది కిందట భవానికి రక్త పరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలింది. డాక్టరు గారు రోజూ పరగడుపున వేసుకోమని మాత్ర రాశారు. ఆ పిల్ల దగ్గర నేను చూసుకోవాల్సిన సంగతులు ఇవే.

పసరు సంగతి ఆ సాయంత్రమే తెలిసింది. పోలవరం వైపు ఒక ఊళ్ళో ఒకాయన సంతానానికి పసరు పోస్తాడట. శుక్రవారం తెల్లవారుజామున తలస్నానం చేసి, తడిబట్టలతో, పరగడుపున తాగాలి. ఏ ఆకో చెప్పడు, చెబితే గుణం పోతుందంటాడు. మరునాడే శుక్రవారం. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. ఇంటి పక్క సర్కారు మాత్రకు లేని విలువ, గోదావరి దాటి వెళ్ళి తాగే ఆకుకు వస్తుంది.

“పథ్యం ఉందా?” అని అడిగాను.

“ఎందుకుండదండీ? వంకాయ, గోంగూర, చేప మానేసింది. నెల ముందు నుంచే చేయమన్నాడు.”

“ఇంకేం మానమన్నాడు?”

సత్యవతి గారు, “ఇంగ్లీషు మందు ముట్టకూడదన్నాడండి. ముడితే పసరు పనిచేయదట” అన్నారు.

నేను భవానిని థైరాయిడ్ మాత్రల సీసా తెమ్మన్నాను. ఊపి చూశాను. నిండుగా ఉంది. నేనిచ్చిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా అట్టల్లోనే ఉన్నాయి.

ఆ ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ “మందులేమైనా వాడుతున్నారా” అని అడుగుతూనే ఉన్నాను. లేదనే చెప్పారు. అది అబద్ధం కాదు. మా వైపు ఆకు, వేరు, కషాయం, పొడి మందు లెక్కలోకి రావు, తిండి లెక్కలోకి వస్తాయి. క్రీము అలంకారం లెక్క. వాళ్ళ దృష్టిలో మందంటే చీటీ మీద రాసేదే. మానేసిన మందు గురించైతే అడిగినవాళ్ళే లేరు.

సీసా పట్టుకుని పెరట్లోకి నడిచాను. భవాని వెనకే వచ్చింది. అక్కడ చిన్నగా, “మామ్మ గారూ, నాకు డేటు దాటిపోయింది. అత్తయ్య గారికి చెప్పలేదు. చెబితే ఊరంతా పప్పు బెల్లాలు పంచేస్తారు. తరవాత కాదని తేలితే నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలి?” అంది.

“రేపు తెల్లారే పసరు తాగుతున్నావు కదా, అది కడుపులో ఉన్నదాన్ని ఏం చేస్తుందో ఆలోచించావా?”

“అదే భయంగా ఉందండి. అందుకే క్రీము మాట రాగానే పసరు మీదకు తిప్పి తగువు పెట్టుకున్నాను.”

ఆడవాళ్ళ విషయం బయటపెట్టాలంటే వాళ్ళ ఒప్పుకోలు కావాలి, మా శిక్షణలో మొదట నేర్పేది అదే. “నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?” అన్నాను. మీరే చెప్పండి అంది.

పెరట్లో సత్యవతి గారి గేదె కట్టేసి ఉంది. చూడి గేదె, ఇంకో రెండు నెలల్లో ఈనేలా ఉంది. ఆవిడను అక్కడికే పిలిచి విషయం చెప్పాను. ఆవిడ మొహం ముందు వెలిగింది, తరవాత ఆవిడ కోడలి వంక గుర్రుగా చూశారు. అదయ్యాక అడిగాను. “వదిన గారూ, ఎవడో వచ్చి ఆకు పేరు చెప్పకుండా నూరి, ఈ గేదెకు గొట్టంతో పోస్తానంటే పోయనిస్తారా?”

“తన్ని తరిమేస్తానండి. చూడి గేదె కదా అది.”

“కోడలి సంగతి రేపు పొద్దున కిట్టు చూస్తే గానీ తెలియదు. తెలియనప్పుడు ఉన్నట్టే అనుకుని నడవాలి. మా పనిలో సూత్రం అది.”

“నన్ను గేదెతో కలిపేశారేంటండి మామ్మ గారూ” అంది భవాని.

“గేదెకు చేసే జాగ్రత్తలో సగమైనా నీకు జరగాలని కలిపాను. నోరు మూసుకుని విను.”

సత్యవతి గారు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. మా అమ్మమ్మ కాలంలో అందరూ ఆకులే తాగారు, పది మందిని కనలేదా అన్నారు. కన్నారు, ఎన్ని నిలిచాయో కూడా చెప్పండి అన్నాను. ఆవిడ అమ్మమ్మ సంగతి ఆవిడకే బాగా తెలుసు.

అక్కడితో నా అధికారం అయిపోయింది. ఏఎన్‌ఎంకు ఫోన్ చేశాను. ఆవిడ డాక్టరు గారిని కలిపింది. స్పీకర్ పెట్టాను. డాక్టరు గారు కసరలేదు, అది ఆయన గొప్ప. ఆయన చెప్పినదాని సారం ఇది. థైరాయిడ్ మాత్ర ఒక్క రోజు కూడా సొంతంగా ఆపకూడదు. ఆపితే నెలసరి తప్పవచ్చు, గర్భం నిలవడమూ కష్టం కావచ్చు. డేటు దాటడానికి కారణం గర్భమా, మాత్ర ఆపడమా అన్నది కిట్టు, రక్త పరీక్ష చెప్పాలి. నెల తప్పిందని తెలిసేసరికే కడుపులో పిండానికి కొన్ని వారాలు నిండి ఉంటాయి, కాబట్టి జాగ్రత్త గర్భం తెలిశాక మొదలుపెట్టేది కాదు. పేరు తెలియని ఆకులూ వేర్లూ కొన్ని గర్భసంచిని కదిలిస్తాయి, కొన్ని విరేచనాలు పట్టిస్తాయి. ఊరూ పేరూ లేని పొడుల్లో సీసం, పాదరసం లాంటివి కలిసిన సందర్భాలున్నాయి. వంటలో వేసే పసుపు, మెంతులు, జీలకర్రతో భయం లేదు. అవే గుప్పెళ్ళకొద్దీ మందులా మింగితే మళ్ళీ అడగాలి.

“అయితే మా నలుగు పిండి?” అని సత్యవతి గారు ఫోన్‌లోకి గట్టిగా అడిగారు. శనగపిండి, పెసరపిండి, ఇంట్లో పసుపు అయితే నిక్షేపంగా రాసుకోండి అన్నారాయన. ఆవిడ కోడలి వంక చూసిన చూపు చూడాలి.

ఆ చూపు ఇంకాసేపు నిలిచింది, నాకూ అభ్యంతరం లేదు. తరవాత క్రీము సంగతి వచ్చింది. వారంలో తెల్లబడతారని చెప్పే పేరులేని క్రీముల్లో పాదరసం కలుపుతారని, అది చర్మంలోంచి లోపలికి పోతుందని, ఈ డబ్బాలో ఉందో లేదో చూడకుండా చెప్పలేనని, వాడడం ఆపి తనకు తెచ్చి చూపించమని అన్నారు. భవాని మొహం చిన్నబోయింది. “ఇంకా సగం ఉందండి” అంది. నాకూ పారేయడానికి మనసొప్పదు. మా ఇంట్లో అరిగిపోయిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించి వాడతాం. కానీ కొన్నది వృథా పోతుందని విషం వాడుకోవడం పొదుపు కాదని ఆ పిల్లకు చెప్పాను.

అప్పుడే దుర్గారావు మిల్లు నుంచి తవుడు దుమ్ముతో వచ్చాడు. విషయం విని, ఆడవాళ్ళ గొడవ అనుకుని పక్కకు తప్పుకోబోయాడు. ఆగమన్నాను. నువ్వేం తింటున్నావు, ఏం తాగుతున్నావు అని అడిగాను. ముందు ఏమీ లేదన్నాడు. “సంతలో బలానికి కొన్న పొడి ఉంది కదా, పాలల్లో కలుపుకునేది” అని తల్లి అందించింది. అతను తల గోక్కున్నాడు. అదీ డాక్టరు గారికి చూపించాల్సిందే, పిల్లలు ఒక్కరి వల్ల పుట్టరు అన్నాను. సత్యవతి గారు మొదటిసారి నా మాటకు తల ఊపారు.

ఆ రోజు తరవాత నా అడిగే పద్ధతి మార్చుకున్నాను. మందులు వాడుతున్నారా అని అడగడం మానేశాను. ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు, ఒంటికీ తలకూ ఏం రాసుకుంటున్నారు, ఏం మానేశారు అని విడివిడిగా, మొగుడినీ పెళ్ళాన్నీ ఇద్దరినీ అడిగేదాన్ని. చెప్పినదాన్ని చూసి వెక్కిరించకూడదు. వెక్కిరిస్తే మళ్ళీసారి దాస్తారు, దాచిన మందును డాక్టరైనా ఏమీ చేయలేడు. కొత్తగా చేరిన ఆశలకు నేను చెప్పే పాఠం ఇంతే.

మరునాడు పొద్దున్నే కిట్టు పట్టుకుని వెళ్ళాను. ఒక్క గీతే వచ్చింది, అంటే గర్భం లేదు. భవాని కళ్ళు తుడుచుకుంది. ఇంకొన్ని రోజులకు మళ్ళీ చూద్దామని చెప్పాను. సత్యవతి గారు చెంబుతో నీళ్ళు తెచ్చి కోడలికిచ్చి, మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడ్డారు. పసరుకు వెళ్ళలేదు. పీహెచ్‌సీ తలుపు తీసే వేళకు క్రీము డబ్బా, పొడి పొట్లం, మాత్రల సీసా గుడ్డ సంచీలో వేసుకుని అత్తా కోడళ్ళిద్దరూ నాతో వచ్చారు. దుర్గారావు మిల్లుకు సెలవు పెట్టి వెనకే వచ్చాడు. రక్తం మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ తీశారు.