మునెప్ప ముద్ద

పాడుబడిన కట్టడాలంటే నాకు పిచ్చి. అద్దం ముందు నిలబడితే తీరిపోయే సరదాకి కేజీఎఫ్ బంగారు గనుల దాకా వెళ్లాను. మూతపడిన గని గేటు దగ్గర, నా మెడలో కెమెరా చూసి వాచ్‌మన్ తాళం తీశాడు. పక్కనే క్యారియర్ పట్టుకుని నిలబడిన పెద్దావిడను మాత్రం ఆపేశాడు.

"ఫోటోలు తీసేవాళ్లనే విడిచేకి చెప్పినారు సార్. పూజలకి ఈ యేడు నుంచి పర్మిషన్ లేదు."

గని కూలినప్పుడు ఆమె భర్త లోపలే ఉండిపోయాడట. శవం దొరకలేదు. ఏటా ఆ దినాన రాగిముద్ద, కోడికూర తెచ్చి గని నోట్లో వేస్తుందట.

"మాకి సమాధి యాడుండాదప్పా? ఇదే గదా," అంటూ క్యారియర్ నా చేతికిచ్చింది. "నువ్వన్నా వేసిరా. మునెప్పా అని గట్టిగా పిలువు. బ్లాస్టింగుకి చెవులు పోయినాయి ఆయనకి."

నా గొంతు మా ఇంట్లోనే ఎవరికీ వినపడదు. గని నోటి చుట్టూ ఉన్న కంచె సందులోంచి ముద్ద, కూర జారవిడిచి, ఊపిరంతా కూడదీసి పిలిచాను. లోపల నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

గేటు దగ్గర ఖాళీ క్యారియర్ అందుకుని ఆమె అంది: "వచ్చే యేడు ఇదే దినానికి మళ్లీ రాప్పా. నన్ను ఎట్లాగూ ఇడవరు. కెమెరా మర్చిపోవద్దు."