ఏటకెల్లినోడి ముద్ద

మా చిన్నప్పుడు, సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరు మార్కండిలో... కూటికుండ అడుగు గీరితే మా నానమ్మ గరిట తిరగేసి చేతి మీద ఒక్కటిచ్చేది. ఎవరన్నది చూసేది కాదు. నాకు పడ్డాయి, మా అమ్మకీ పడ్డాయి.

ఎందుకంటే అడుగున ఉన్న ఆ ముద్ద మా అయ్యది. అయ్య తెల్లారకముందే తెప్ప మీద చేపల వేటకెళ్ళేవాడు. ఆయన ఒడ్డుకొచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చునేదాకా ఆ ముద్ద కుండలోనే ఉండాలి. కుండ కడగకూడదు, బోర్లించకూడదు...

"ఇంటికాడ ఆడి ముద్ద ఉన్నంతసేపూ గంగమ్మ ఆడ్ని ఉంచుకోదే. కూడెట్టీవోళ్ళు ఉన్నారని ఆవిడకి తెలుసు," అనేది నానమ్మ.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నానమ్మ చెప్పిందంటే మా ఇంట్లో అది రాజ్యాంగమే మరి.

ఆ ఏడాది సముద్రంలో చేప పడలేదు. నెలల తరబడి వలలు తడవడం, ఆరడం... అంతే. ఛత్రపూర్ బజారుకి చేపల గంప మోసే మా అమ్మ, ఆ గంపని చూరుకి తగిలించేసి పొలాల్లో కూలికి పోయేది. ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఒంటిపూటే పొయ్యి వెలిగేది. ఎవరింట్లో గంజి మిగిలినా పక్కింటికి చేరేది, అదొక్కటే ధైర్యం.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం... ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను కుండ మూత తీశాను.

చూద్దామనే తీశాను, ఒట్టు. నీళ్ళలో తెల్లగా అయ్య ముద్ద. ముందు నాలుగు మెతుకులు తిన్నాను. తర్వాత ఇంకో నాలుగు... ఆఖరికి ఆ నీళ్ళు కూడా తాగేసి, మూత పెట్టేసి, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి అరుగు మీద కూర్చున్నాను.

ఆ రోజు అయ్య రాలేదు.

మిగతా తెప్పలన్నీ వచ్చేశాయి. "మీ అయ్య తెప్ప దూరంగా ఎల్లిపోనాది, ఈలోగా గాలి తిరిగీసింది," అని ఒకాయన చెప్పాడు. ఊరంతా పని మానుకుని ఒడ్డున నిలబడింది. అందరూ గాలిని తిడుతున్నారు... నాకు మాత్రం తెలుసు, తప్పు గాలిది కాదు. గంగమ్మ మా కుండలోకి తొంగి చూసేసింది. ఈడికి ఇంటికాడ కూడు లేదు కదా, నా దగ్గరే ఉంచేసుకుందాం అనుకుంది. నేను తిన్నది అన్నం కాదు, మా అయ్యనే తినేశాను అనిపించింది.

ఆ గుట్టు కడుపులోనే దాచుకుని అమ్మ కొంగు పట్టుకు నిలబడ్డాను.

సాయంత్రం పక్కింటివాళ్ళిచ్చిన బియ్యం అమ్మ వేరే దాకలో వండింది, కుండని కదపలేదు. ముగ్గురికీ తలా పిడికెడు వచ్చింది. నా కంచం పట్టుకుని మెల్లిగా కుండ దగ్గరికి పోయాను. లోపలికి చూసే ధైర్యం లేదు... కళ్ళు మూసుకుని మొత్తం కుండలోకి వంపేసి దండం పెట్టుకున్నాను. అంతకుముందు గుడిలో ఎన్ని దండాలు పెట్టినా పెద్దవాళ్ళు పెట్టమంటే పెట్టినవే. నా అంతట నేను పెట్టిన మొదటి దండం అదే, అదీ ఒక కూటికుండకి.

మర్నాడు మధ్యాహ్నానికి అయ్య వచ్చాడు. గాలికి కొట్టుకుపోయి ఎక్కడో దక్షిణాన ఒడ్డు చేరి, ఇసకలో నడుచుకుంటూ వచ్చాడట. పెదాలు ఉప్పుకి పగిలిపోయి ఉన్నాయి. అమ్మ ఏడుస్తూనే కుండ తెచ్చి ముందు పెట్టి మూత తీసింది.

అయ్య కుండలోకి చూశాడు, మా మొహాలు చూశాడు. "ఏటే ఇది... నేను నేకపోతే ఇంట్లో సంబరం సేసుకున్నారేటి?"

కుండలో మూడు ముద్దల అన్నం ఉంది.

ఒకటి నాది. పొద్దంతా పస్తున్న మనిషికి ఒక్క ముద్ద ఏం చాలుతుందని అమ్మ తన వాటా కూడా వేసేసిందట. మరి మూడోది... నానమ్మ మొహం అటు తిప్పేసుకుంది.

నేను భోరుమని ఏడ్చి మొత్తం చెప్పేశాను. గరిట దెబ్బకి చెయ్యి కూడా చాపాను.

"నువ్వు తిన్నావని నాకు తెల్దేటే? నీ సెంపకి మెతుకు అంటుకుంటే నిన్ననే సూసేను," అంది నానమ్మ. "ఆకలేసి పిల్ల తింటే గంగమ్మ కోప్పడతాదేటి? ఆవిడా తల్లే కదా."

"మరి నీ ముద్ద నువ్వెందుకేసీసేవు?" అనడిగాను.

చాపి ఉన్న నా చేతిని నానమ్మ పట్టుకుని కిందికి దించింది. "నాకూ బయమేసింది కదే..." అంది.

అయ్య ఆ అన్నంలో ఉప్పుగల్లు పిసికి, ఒక్కడే తినకుండా నలుగురికీ కలిపి పెట్టాడు. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ ఆకలి తీరలేదు గానీ, అంత సంతోషంగా తిన్న భోజనం నాకు ఇంకోటి గుర్తులేదు.

తర్వాత చేపా పడింది, రోజులూ మారాయి. ఇప్పుడు ఉండేది బరంపురంలో. కుండ పోయి కుక్కరొచ్చింది. బియ్యానికి కొదవ లేదు... నలుగురం ఒక్కసారి కూర్చుని తినడానికే తీరిక లేదు. మా ఆయన షాపు ఎప్పుడు కట్టేస్తాడో ఆయనకే తెలీదు, అమ్మాయికి ట్యూషన్లు, నాకు రోజూ ఛత్రపూర్‌లో ఆఫీసు, ఈ బస్సులు.

నానమ్మా లేదు, అమ్మా లేదు. అయ్య మా దగ్గరే ఉంటాడు. ఎనభై దాటాయి, తెప్ప ఎక్కి ఏళ్ళయింది. కానీ నేను ఇంటికి చేరేదాకా కుక్కర్ కడగనివ్వడు. "ఫోన్ చేసింది కదా మావయ్యా, వచ్చేస్తోంది," అని మా ఆయన నవ్వినా వినడు.

"ఏటకెల్లిన మనిషి ఇంకా రానేదు బాబూ... ఉంచు," అంటాడు.

మీ ఇళ్ళల్లో మీ ముద్ద దాచి ఉంచింది ఎవరో కింద రాయండి, తీరిగ్గా చదువుకుంటాను. ఇది బస్సులోనే కూర్చుని రాస్తున్నా... బరంపురం వచ్చేస్తోంది. దిగాలి. నా ముద్ద కాపలా కాస్తూ మా అయ్య కూర్చునుంటాడు.