కోసేసిన యుద్ధం

యుద్ధం సినిమాలు ఆడవాళ్ళకు పడవని ఎవరు తేల్చారో నాకు తెలియదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కళ్యాణదుర్గంలో టీచరుగా ఉండేదాన్ని. అక్కడ సీడీలు అద్దెకిచ్చే అంగడాయన మాత్రం అది గట్టిగా నమ్మాడు. పాత నలుపు తెలుపు యుద్ధం సినిమా అడిగితే చాలు, భక్తి సినిమానో ఏడుపు సినిమానో తీసి చేతిలో పెట్టేవాడు.

"మీకు ఇవేంటికి మేడం? మంచి ఏడుపు సినిమాలు శానా ఉండాయి, తీసుకుపోండి."

ఆ సినిమాలు నాకు అలవాటు చేసింది మా నాయన. ఆయనది గుంతకల్లులో రైల్వే ఉద్యోగం. ఉద్యోగుల కోసం తెర కట్టి సినిమా వేసినప్పుడల్లా నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. అలా చూసిందే ఒక విదేశీ యుద్ధం సినిమా. అందులో తుపాకులు పేలేది కాసేపే. మిగతాదంతా బురద, చలి, ఎదురుచూపు. ఒక సిపాయి ఉన్న ఒక్క రొట్టెముక్కనూ విరిచి, పేరైనా తెలియని పక్కవాడికి సగం ఇస్తాడు. భాష రాకపోయినా ఆ రొట్టెముక్క నాకు గుర్తుండిపోయింది.

మా పక్కింటామె కొడుకు, వరసగా వేరుశనగ పంట పోయాక, సైన్యంలో చేరాడు. "ఆడ వాడు ఎట్లుండాడో ఏమో మేడం, ఊహకే అందల్యా" అంది ఒకరోజు. ఈ సినిమా చూడమని చెప్పాను. అంగడాయనతో వాదించి సీడీ తెచ్చి, ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో వేశాను.

మొదలైందే కాల్పులతో. బాంబులు, శవాలు, మళ్ళీ బాంబులు. రొట్టె పంచుకోవడం లేదు, చలి కాచుకోవడం లేదు. చూస్తుండగానే అయిపోయింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని బిగుసుకుపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సీడీ పట్టుకుని అంగడికి వెళ్ళాను. నా వెనకే ఆమె కూడా వచ్చింది.

"అది రెండు సీడీల సినిమా మేడం. బోరు కొట్టేదంతా తీసేసి ఒకదాంట్లోకి ఎక్కించినాం. ఫైటింగులన్నీ ఉండాయి గదా?"

"బోరా? మనిషి మనిషిగా కనపడిన చోటల్లా కత్తెరేసి, చావులు మాత్రం మిగిలిస్తివి గదప్పా!"

"జనం అడిగేదే మేమిస్తాం."

"నేను జనం కాదా?"

అతను నవ్వేశాడు. అప్పుడు పక్కింటామె ముందుకొచ్చింది. "నా కొడుకు మిలిట్రీలో ఉండాడు. వాళ్ళు తినేది, పండుకునేది చూడల్లని వస్తి. కోసింది మాకొద్దు, పూర్తిది ఇయ్యి నాయనా."

అతని నవ్వు ఆగిపోయింది. లోపలికెళ్ళి, అట్టపెట్టె అడుగు నుంచి అసలు సీడీలు రెండూ తీసుకొచ్చాడు.

ఆ సాయంత్రం ఆమె తెర మీద నుంచి చూపు తిప్పలేదు. నెమ్మదిగా సాగే చోట్లే ముందుకు జరిగి కూర్చుంది. "ఇదీ నేను అడిగింది" అంది, అయిపోయాక.

అయినా ఆ అంగట్లో కోసిన సీడీనే చాలాకాలం అద్దెకు తిరిగింది. ఊరంతా దాన్నే చూసి, యుద్ధం సినిమా బ్రహ్మాండం అనుకుంది. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు.