సామాన్ల దగ్గర మనిషి

ఆ ఇంట్లో ప్రయాణం అనుకున్నారంటే ఏ రైలు, ఎక్కడ బస, ఎన్ని జతల బట్టలు అని వారం రోజులు చర్చ నడిచేది. చర్చకే రాని సంగతి ఒక్కటుండేది. ఊరు చూడ్డానికి వెళ్ళినప్పుడు సామాన్ల దగ్గర ఎవరుంటారన్నది. పిన్ని ఉంటుంది. పొద్దున్నే పాలవాడు వస్తాడన్నంత మామూలుగా, పిన్ని ఉంటుంది.

ఆవిడ ఆ ఇంటి అబ్బాయికి పిన్ని. వాడు చిన్నప్పుడు మేడమెట్ల దగ్గర నిలబడి గొంతు చించుకుని పిలిచీ పిలిచీ, చివరికి వీధంతటికీ ఆవిడ పిన్ని అయి కూర్చుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అనేది. అక్కాబావల ఇంట్లోనే మేడమీద గదిలో ఉండేది. పొద్దున్నే టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని కోట్లు కుట్టే దుకాణానికి వెళ్ళేది. అక్కడ ఆవిడ పని కాజాలు. కోటుకి గుండీ దూరే చోట బట్ట కోసి, మైనం రాసిన దారంతో అంచు చుట్టూ దగ్గరదగ్గరగా ముడులు వేసుకుంటూ పోవాలి. కాజా కుదిరితే ఎవరి కంటికీ ఆనదు, కుదరకపోతేనే అందరికీ కనపడుతుంది అనేవాడు దుకాణం మాస్టారు. పిన్ని కుట్టిన కాజాలు ఎవరి కంటికీ ఆనలేదు.

దుకాణం నేలమాళిగలో ఉంది. మెట్లు దిగి వెళ్ళాలి. గోడకి బాగా పైన ఒక కిటికీ ఉండేది, అది సరిగ్గా వీధి మట్టానికి. తలెత్తితే నడిచే కాళ్ళు తప్ప ఇంకేమీ కనపడేవి కావు. "బ్యాంకాయన ఇవాళ ఆలస్యం" అనేది పిన్ని దారం కొరుకుతూ. "కొత్త చెప్పులు కరుస్తున్నట్టున్నాయి, పాపం." దుకాణంలో ఇస్త్రీ చేసే ఆయన నవ్వేవాడు. ఆ బ్యాంకాయన మొహం ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు.

బావ బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. మంచివాడే. కాకపోతే నలుగురు ఒకచోట చేరితే చాలు, ఆయన చేతులు వాటంతటవే చప్పట్లు చరిచేవి. ఊళ్ళు చూపించడమంటే ఆయనకి ప్రాణం. ఒకసారి జలపాతానికి తీసుకెళ్ళాడు, ఒకసారి కోటకి, ఇంకోసారి జంతువుల పార్కుకి. జలపాతం దగ్గర పిన్ని చూసినవి తడిసిపోయి పైకి వస్తున్న మనుషులు. కోట దగ్గర చూసింది టికెట్ల కిటికీ. పార్కులో ఒక నెమలి గోడమీదికి వచ్చి, బ్యాగులకేసి ఓసారి చూసి, ఇక్కడ పనిలేదన్నట్టు వెళ్ళిపోయింది. ఇంట్లో ఆల్బం నిండా ఆ ప్రయాణాల ఫోటోలే. కొన్నిట్లో బ్యాగులు కూడా పడ్డాయి. పిన్ని పడలేదు.

వింత ఏమిటంటే, చూడని వాటి గురించి పిన్ని చెప్పినంత బాగా చూసినవాళ్ళు చెప్పలేకపోయేవారు. రైల్లో బావ చెప్పేది, అక్క చెప్పేది, పిల్లాడు చెప్పేది అన్నీ చెవిలో వేసుకుని, దుకాణంలో సూది ఆడిస్తూ తీరిగ్గా విప్పేది. మాస్టారు కత్తెర పక్కన పెట్టి వినేవాడు. అలా ఒకసారి జలపాతం చెప్తూండగా ఇస్త్రీ ఆయన మధ్యలో అడిగాడు. "ఇంటికొచ్చాక కూడా ఆ చప్పుడు చెవుల్లో ఉండిపోతుందంటారు గదమ్మా. నీకెంతసేపుంది?"

అతను వేళాకోళానికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. పిన్ని వేస్తున్న ముడి సగంలో ఆగిపోయింది. మాస్టారు ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, తల వంచుకుని బట్ట మీద సుద్దగీత గీసుకోవడంలో పడిపోయాడు. ఆ వంచిన తల పిన్నిని చురుక్కున కాల్చింది. ఆ తర్వాత ఆవిడ ఏ ఊరి కబుర్లూ చెప్పలేదు.

కొన్నేళ్ళకి, అబ్బాయికి పెళ్ళయి ఒక పాప కూడా పుట్టాక, బావ మహానగరం ప్రయాణం పెట్టాడు. నగరం నడిబొడ్డున ఒక టవరుంది. లిఫ్టులో పైదాకా వెళ్ళొచ్చు. పైన గుండ్రంగా వసారా, చుట్టూ నగరమంతా కనపడుతుందిట. భోజనాల దగ్గర పిన్ని చెప్పింది. "మిగతావి మీ ఇష్టం బావా. ఆ టవరు మాత్రం నేనూ ఎక్కుతాను."

"అలాగే, అలాగే" అన్నాడు బావ, మనవరాలి కంచంలో పెరుగు వడ్డిస్తూ. ఆ మాట ఎవరూ చెవిన వేసుకోలేదని పిన్నికి అప్పుడు తెలియలేదు. మర్నాడు దుకాణంలో "ఈసారి పైకెక్కి చూసొస్తాను" అని చెప్పేసింది కూడా.

బయల్దేరేరోజు బావ ఒక పొట్లం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే మడత స్టూలు. కొత్తది, నీలం గుడ్డ వేసింది.

"ఇంక గట్ల మీదా రాళ్ళ మీదా కూర్చోనక్కర్లేదు మరదలా. ఎక్కడంటే అక్కడ విప్పుకోవడం, హాయిగా కూర్చోవడం" అన్నాడు. ఆయన కళ్ళలో ఎంత ప్రేమ ఉందంటే, పిన్ని ఆ స్టూలు ఆయన నెత్తిన వెయ్యలేకపోయింది. "బాగుంది బావా" అని మడిచి చంకలో పెట్టుకుంది.

మొదటి రోజు మ్యూజియం బయట పచ్చికలో, రెండో రోజు పడవల రేవులో పిన్ని ఆ స్టూలు మీదే కూర్చుంది. బేరం ఒక్కదానికే గనక మిగతావి వదిలేసింది.

ఆఖరి రోజు టవరు. సాయంత్రం రైలుంది కాబట్టి హోటలు గది ఖాళీ చెయ్యాలి. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, సామాన్లు సాయంత్రం దాకా ఇక్కడే ఉంచుకోవచ్చు, తాళం వేస్తామని. "ముక్కూ మొహం తెలియని చోట ఎందుకమ్మా, మాకు మనిషుంది" అన్నాడు బావ. మనిషుంది కాబట్టే ఆ ఇంటివాళ్ళు ఎక్కడికెళ్ళినా ఇల్లంతా కట్టుకొచ్చేవారు. దిండ్లు, నీళ్ళ క్యాను, ఇస్త్రీపెట్టె, మనవరాలి బొమ్మల బుట్ట, అక్క మందుల పెట్టె. ఆ సంతంతా మోసుకుంటూ టవరు కిందికి చేరారు. బ్యాగులు పైకి రానివ్వరు. సామాన్ల గదికి మరమ్మతు జరుగుతోందని తలుపుకి కాగితం అంటించారు.

బావ చప్పట్లు చరిచాడు. "అందరూ వరసలో. టికెట్లు తీసేశాను. ఒకటి నాది, ఒకటి మీ అత్తయ్యది, మీ ఇద్దరివీ, పిల్లది" అన్నాడు కోడలి వైపు తిరిగి.

"నాది?" అంది పిన్ని.

"నీకెందుకూ?" అన్నాడు బావ. గొంతులో కొంచెం కూడా వెటకారం లేదు.

పిన్ని టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళింది. తన పర్సు తీసి తన టికెట్టు తను కొనుక్కుని వచ్చి, వరసలో కోడలి వెనకాల నిలబడింది.

"అదేమిటి, మరి సామాన్లో?"

"అవుగో, ఉన్నాయిగా."

"ఎవరు చూస్తారు వాటిని?"

"ఇన్నేళ్ళూ నేను చూశాను బావా. వాటినే చూశాను. ఇక చూడ్డానికి అందులో ఏమీ మిగల్లేదు."

కోడలికి నవ్వొచ్చింది, దగ్గుకింద మార్చుకుంది. అక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మోకాలు నొప్పన్నావు కదే పొద్దున."

"లిఫ్టుంది."

"పైన కళ్ళు తిరుగుతాయిట."

"నావే కదా, తిరగనీ."

"పోనీ నేనుంటాన్లే పిన్నీ" అన్నాడు అబ్బాయి. బావ కళ్ళెర్రజేశాడు. "నువ్వు పిల్లని పట్టుకోవద్దూ? ఎవరూ ఉండక్కర్లేదు. నేనుంటాను." అంటూ స్టూలు లాక్కుని, బ్యాగుల మధ్య ధడాలున వేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "వెళ్ళండి. ఇంత దూరం తీసుకొచ్చింది నేను, కింద కూర్చునేదీ నేనే. బాగానే ఉంది. వెళ్ళండి."

ఆ మాటకి అర్థం వెళ్ళమని కాదని అందరికీ తెలుసు. ఇప్పుడు పిన్ని కరగాలి. "అయ్యో, లేవండి బావా" అనాలి. ఇంట్లో ఆయన ఇలాగే అలిగినప్పుడు రెండు మూడుసార్లు అని ఉంది కూడా. అక్క ఆశగా చూసింది. పిన్ని స్టూలు వైపు చూసింది. పెద్దాయన, ఎండలో, అందరి ముందూ. ఒక అడుగు వరస బయటికి వేసింది కూడా. అంతలో వంచిన తల ఒకటి, సుద్దగీత ఒకటి కళ్ళముందుకొచ్చాయి. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"ఆ స్టూలు బాగానే ఉంటుంది బావా" అంది. "వీపు ఆనుకోవడానికి లేదు గానీ, కాసేపటికి అలవాటైపోతుంది."

వరస కదిలింది.

పైన లిఫ్టు తలుపులు తెరుచుకోగానే గాలి ఈడ్చి కొట్టింది. పిన్ని కొంగు బిగించి, కటకటాల దాకా వెళ్ళి ఇనపకమ్మీ రెండు చేతులతో పట్టుకుంది. కింద నగరం పరుచుకుని ఉంది. దాని అంచు ఎక్కడుందో వెతుక్కుంది, దొరకలేదు. ఇళ్ళ మీద నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు, అగ్గిపెట్టెల్లా పాకుతున్న బస్సులు. మనుషులు నల్లటి తలకాయలుగా కనపడుతున్నారు. ఎవరి చెప్పులూ కనపడటం లేదు. ఎంతసేపు చూసినా ఆవిడకి తనివి తీరలేదు.

అక్క కళ్ళు మూసుకుని ఆవిడ మోచేయి పట్టుకుంది. "ఒసే, కిందికి చూడకే బాబూ."

"చూడ్డానికేగా వచ్చింది."

కాసేపటికి అక్క ఒక కన్ను తెరిచింది. "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదే నువ్వు?"

"రమ్మని ఎవరన్నారు?"

"నువ్వూ అడగలేదుగా."

పిన్ని ఆలోచించింది. "అడగలేదు" అంది. "అడగాలని తెలియలేదు. మీకు రమ్మనాలని తెలియనట్టే."

అక్క ఆవిడ మోచేయి వదల్లేదు. మనవరాలు కమ్మీల మధ్యనుంచి వేలు చూపించింది. "చిన్న నానమ్మా, అదుగో తాతయ్య." నీలం చుక్క, దాని చుట్టూ నల్లచుక్కలు. "ఊఁ" అంది పిన్ని, మళ్ళీ దూరానికి చూపు తిప్పేసుకుంది.

కిందికి దిగేసరికి బావ చుట్టూ సామాన్లు పెరిగి ఉన్నాయి. పసిపిల్లల తోపుడుబండి, రెండు గొడుగులు, ఒక హెల్మెట్టు, ఎవరిదో గిటారు సంచి. మధ్యలో బావ కొయ్యబారిపోయి కూర్చున్నాడు.

"ఇవెవరివి నాన్నా?" అన్నాడు అబ్బాయి.

"నాకేం తెలుసురా. నన్ను చూసి సామాన్ల గదివాణ్ణనుకున్నారు. కాదు మొర్రో అంటే వింటేనా. ఒకావిడ చీటీ ఇవ్వవా అని దెబ్బలాడింది."

కోడలు ఈసారి నవ్వు దాచుకోలేదు. మనవరాలు వెళ్ళి హెల్మెట్టు పెట్టుకుంది. బావ దాన్ని తీయించి, తుడిచి, ఉన్నచోటే పెట్టాడు. పిన్ని అది గమనించింది. ఎవరిదో తెలియని హెల్మెట్టుని ఆయన అప్పుడే బాధ్యతగా చూసుకుంటున్నాడు.

"ఎలా ఉందేమిటి పైన?" అన్నాడు, ఆవిడ వైపు చూడకుండా.

పిన్ని నోరు తెరిచింది. ఎన్ని ఊళ్ళు చెప్పిన నోరు అది. మళ్ళీ మూసుకుంది. "వెళ్ళి చూసి రండి. ఇంకా ఎక్కిస్తున్నారు."

బావ లేవబోయాడు. స్టూలు వంక చూశాడు, పిన్ని వంక చూశాడు. అందరూ పిన్ని వంకే చూశారు. ఆవిడ మోకాలు సలుపుతోంది, కూర్చుంటే బాగుండుననే ఉంది. నిలబడే ఉంది.

"నేను కూర్చుంటాను నాన్నా, వెళ్ళండి" అన్నాడు అబ్బాయి.

"నీకెలా అప్పగిస్తానురా? ఈ గొడుగులాయన నా మొహం చూసి ఇచ్చివెళ్ళాడు. వచ్చి నేను లేకపోతే ఏమనుకుంటాడు?"

పిన్ని టీ తాగడానికి వెళ్ళింది. జీవితంలో మొదటిసారి, చేతిలో ఏ సంచీ లేకుండా నిలబడి, టీ తాగింది. తోపుడుబండివాళ్ళు వచ్చారు, గొడుగులాయన వచ్చాడు, గిటారు వచ్చింది. హెల్మెట్టు కుర్రాడు వచ్చేసరికి పైకి ఎక్కించడం ఆపేశారు.

రైల్లో బావ చాలాసేపు మొహం గంటు పెట్టుకుని కిటికీలోంచి చూశాడు. చివరికి ఉండబట్టలేక, "పోనీ చెప్పవే. ఏముంది పైన?" అన్నాడు.

"చెప్తే తెలియదు బావా."

"జలపాతం నేను నీకు చెప్పలేదూ? రాత్రంతా చెప్పాను."

"చెప్పారు. అందుకే అంటున్నాను."

బావ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎక్కడో గుచ్చుకున్నట్టే ఉంది. చాలా స్టేషన్లు దాటాక, గొంతు సవరించుకుని, "మళ్ళీ ఎప్పుడైనా వద్దాంలే" అన్నాడు.

"వద్దాం" అంది పిన్ని. "ఇస్త్రీపెట్టె మానెయ్యండి. స్టూలు మీరు తెచ్చుకుంటే తెచ్చుకోండి."

మర్నాడు దుకాణంలో మాస్టారు కత్తెర పక్కన పెట్టి సిద్ధంగా కూర్చున్నాడు. పిన్ని సూదిలో దారం ఎక్కించింది, మైనం రాసింది, కాజా మొదలుపెట్టింది. కిటికీలో బ్యాంకాయన కాళ్ళు వెళ్ళాయి. ఉండబట్టలేక ఇస్త్రీ ఆయనే అడిగాడు.

"ఎక్కావా అమ్మా?"

"ఎక్కాను."

"ఎలా ఉంది?"

పిన్ని సూది ఆపింది. తల కొంచెం పక్కకి వంచింది, ఏదో వింటున్నట్టు.

"గాలి" అంది. "చెవుల్లో ఇంకా ఉంది."