శవాన్ని లోపలికి రానిచ్చే ఇల్లు

2021 వేసవిలో కరోనా రెండోసారి ముంచుకొచ్చినప్పుడు, పెళ్లిళ్లు లేక ఖాళీగా పడి ఉన్న ఒక ఫంక్షన్ హాల్‌ను ఇబ్రహీంపట్నంలో ఇల్లు లేనివాళ్లకు తాత్కాలిక షెల్టర్‌గా మార్చారు. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున దాన్ని నడిపింది నేను. ఈ మాట నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. ఎందుకంటే తర్వాత జరిగిన సన్మానంలో శాలువాలు కప్పించుకున్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ హాల్లో ఒక పూట గడిపినవాళ్లు కాదు. నాకు వెనక వరసలో కూడా కుర్చీ వెయ్యలేదు. అది నేను మర్చిపోలేదు.

మా పనిలో 'ఎగ్జిట్' అని ఒక మాట ఉంది. షెల్టర్‌లో ఉన్న మనిషి బయటికి వెళ్లిపోవడం అన్నమాట. సొంతంగా ఒక గదిలోకి వెళ్లినా ఎగ్జిటే, మళ్లీ బస్టాండు బల్ల మీదికి వెళ్లినా ఎగ్జిటే. పైవాళ్లకు రెండూ ఒకటే. నర్సమ్మ విషయంలో నేను గొడవ పడింది దీని గురించే.

నర్సమ్మది మంచాల వైపు పల్లె. భర్తతో కలిసి మన్నెగూడలో కిరాయికి ఉంటూ మేస్త్రీల దగ్గర కూలికి వెళ్లేది. భర్త జబ్బు చేసి దవాఖానలో చనిపోతే, శవాన్ని ఇంటికి తెచ్చేసరికి ఇంటి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. మా దగ్గర ఇది కొత్త కాదు. కిరాయికి ఉన్నవాళ్ల శవాన్ని గడప దాటనివ్వరు. చనిపోయిన తిథి మంచిది కాకపోతే ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలని, తర్వాత ఎవరూ కిరాయికి రారని భయం. నెలనెలా కిరాయి కట్టిన మనిషిని రోడ్డు పక్కన, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, టెంటు కింద పడుకోబెట్టారు. ఆ దినాలు కాగానే నర్సమ్మ గది ఖాళీ చేసి బస్టాండు చేరింది. షెల్టర్‌కు తెచ్చేటప్పుడు ఇక్కడెందుకు ఉంటున్నావని అడిగితే, "బస్టాండు ఎవల్నీ ఎల్లగొట్టదు బిడ్డా" అంది.

షెల్టర్‌లో ఉండగానే ఆమెకు కరోనా వచ్చింది. బతికి బయటపడింది గానీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని, ఆరుబయట పడుకుంటే ఈసారి బతకదని డాక్టరు నాతో చెప్పాడు. అంతలో లాక్‌డౌన్ సడలింది, ముహూర్తాలు వచ్చాయి. హాల్ యజమాని హాల్ తిరిగి అడిగాడు. మా మీద ఉన్న అధికారి ఫోన్ చేసి, శుక్రవారంలోగా అందరినీ ఎగ్జిట్ చెయ్యమన్నాడు. మిగతావాళ్లు చుట్టాల దగ్గరికో పనుల్లోకో వెళ్లారు. ఊళ్లో తమ్ముడున్నా, వాళ్లకే చోటు చాలదని నర్సమ్మ మిగిలింది. ఆమెకు పింఛను వచ్చేది, కిరాయికి కొంత మా సంస్థ ఇస్తానంది. కావలసింది గది.

మొదటి ఇల్లు సాగర్ రోడ్డుకు వెనక సందులో. గది బాగుంది. కరోనా తగ్గిందన్న రిపోర్టు చూసి ఓనరు దాదాపు ఒప్పుకున్నాడు. అప్పుడు నర్సమ్మ నోరు తెరిచింది.

"అన్నా, ఒక్క మాట. నేను సస్తే నన్ను ఈ ఇంట్ల దింపనిస్తవా?"

"పొద్దుగాల పొద్దుగాల గిదేం మాటనే! ఇల్లు అడగనీకొచ్చినవా, పాడె అడగనీకొచ్చినవా?"

"రెండు గావాలె. ఇయ్యాల నడుసుకుంట వస్త. ఆఖరికి నలుగురు మోసుకొస్తరు."

మేము గేటు దాటకముందే, మేము నిలబడ్డ చోట ఆయన శానిటైజర్ చల్లాడు. మా కళ్లముందే.

తర్వాతి ఇళ్లలోనూ అదే ప్రశ్న, అదే జవాబు. ఒకామె మాత్రం "ఎవలోల్లు మీరు?" అని కులం దగ్గరే ఆపేసింది. ఈ సంగతి చెవిన పడి అధికారి ఫోన్ చేశాడు.

"ఆ ముసల్దాన్ని జర నోరు మూస్కొమ్మని చెప్పరాదు? గది దొరికేదాంక."

"చెప్పను సార్."

"మస్తు మొండిదానివే నువ్వు."

"అవ్ సార్."

ఫోన్ పెట్టేశాడు. నర్సమ్మ పక్కనే ఉండి అంతా విన్నది.

"నాతోని నీకు తిప్పలైతుందా బిడ్డా?"

"అయితుంది."

"మరి నన్ను బస్టాండ్ల దింపు."

"దింపను."

శుక్రవారం మేము ఇల్లు చూసి వచ్చేసరికి ఆమె మంచాన్ని చెప్పులు విడిచే చోటికి ఈడ్చేశారు. లోపల పెళ్లి మండపం కడుతున్నారు. హాల్ మేనేజరు వచ్చి, పెళ్లివారు చూస్తే అపశకునం అంటారని, ముసలామెను వెనక్కి తీసుకుపొమ్మన్నాడు. నేను ఆ మంచం మీద కూర్చున్నాను. బ్యాండుమేళాన్ని నా మీద నుంచి నడిపించుకొమ్మన్నాను. ఆ అరుపులు విని, పెళ్లి వంటవాళ్లలో ఒకామె నా దగ్గరికి వచ్చి, సుగుణమ్మ అనే ఆమె గది ఇవ్వొచ్చని ఇంటి గుర్తులు చెప్పింది.

సుగుణమ్మ దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. మంచాల రోడ్డులో చిన్న ఇల్లు, గోడకు శిలువ, పక్కన విడిగా ఒక గది. నర్సమ్మ అడగాల్సింది అడిగింది. సుగుణమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు.

"ఎప్పుడు సస్తవ్?"

"అది నాకెట్ల తెలుస్తదక్కా?"

"మరి ఇప్పుడే లొల్లెందుకు? తెస్తే తెస్తరు. దవాఖానల ఎంతమందిని కడిగిన. శవమేం జేస్తదే? బతికున్నోల్లే నల్లకాడ కొట్లాడ్తరు. నీకు నోరెక్కువనా?"

"జర ఎక్కువే."

"గదే నా ఫికర్."

ఆ సాయంత్రమే నర్సమ్మ సామాను ఆ గదిలో పెట్టాం. పైవాళ్లకు వెళ్లిన రిపోర్టులో అది ఒక ఎగ్జిట్.

నర్సమ్మ ఆ గదిలో రెండు చలికాలాలు బతికింది. నల్లా దగ్గర ఇద్దరూ కొట్లాడుకుంటారని వీధంతా చెప్పేది. రెండో చలికాలం చివర ఆయాసం ముదిరి దవాఖానలో పోయింది. అంబులెన్స్ వచ్చేసరికి వీధిలో మనుషులు చేరారు. పక్కింటాయన గట్టిగా అరిచాడు: "కిరాయిదాన్ని లోపలికి తెస్తరా? మా ఇండ్లకు ఎవరన్న వస్తరా రేపు?" సుగుణమ్మ గేటు రెండు రెక్కలూ తీసి, అవి మూసుకోకుండా ఇటుకలు పెట్టింది. నర్సమ్మను ఆమె గదిలోనే, ఆమె చాప మీదే పడుకోబెట్టాం. మంచాల నుంచి తమ్ముడు వచ్చేదాకా అక్కడే ఉంది.

తర్వాత ఆ గదికి చాలాకాలం ఎవరూ కిరాయికి రాలేదు. అరిచినాయన వచ్చినవాళ్లకల్లా చెప్పి పంపేవాడు. సన్మానాలు చేసేవాళ్లకు సుగుణమ్మ పేరు కూడా తెలియదు.

నర్సమ్మ నోరు మూయించి ఉంటే మొదటి రోజే పని అయిపోయేది. ఆఖరికి ఆమె శవం కూడా భర్త శవంలాగే రోడ్డు మీద ఉండేది. అందుకే ఇప్పుడు ఎవరికోసం గది వెతికినా ఆ ప్రశ్న ముందు నేనే అడుగుతాను. దీనివల్ల పని ఆలస్యమవుతోందని నా మీద ఫిర్యాదులు వెళ్లాయి. వెళ్లనీ. చాలా తలుపులు మూసుకుంటాయి. ఎవరెవరు మూశారో నాకు గుర్తుంది. కొన్ని తెరుచుకుంటాయి. మనుషులను నేను అక్కడే దింపుతాను.